లక్కలో పొదిగిన వెలుగు

ఫాల్గుణమాసమున ఏటూరునాగారపు అడవిలో మోదుగులు ఆకు రాల్చి నిలువెల్ల పూచి నిలుచునపుడు నా చూపు పూలను దాటి కొమ్మల మీదికే పోవును. మోదుగ, రేగు, పుసుగు చెట్ల లేతకొమ్మల రసమును పీల్చుచు, తన ఒంటినుండి స్రవించు జిగురుతో తన చుట్టును గూడు కట్టుకొను లక్కపురుగే గదా, మన ఆడపడుచుల ముంజేతికి లక్కగాజు నిచ్చినది!

హైదరాబాదున చార్మినారు చెంతనున్న లాడ్ బజారులో ఒకనాడు గాజులు చేయువాని యెదుట చాలసేపు నిలుచుండిపోతిని. నిప్పులపై మెత్తబడిన లక్కముద్దను అతడు త్రాడువలె సాగదీసి, వలయముగ వంచి, వేడి ఆరకమునుపే సన్నని కడ్డీ కొనతో అద్దపు తునకను ఎత్తి, దానిపై నుంచి, వ్రేలితో ఒత్తుచుండెను. ఆలస్యమైనచో గట్టిపడిన లక్క అద్దమును పట్టదు. వేడి మించినచో అద్దము లోనికి క్రుంగిపోవును. ఆ నడిమి క్షణము అతని వ్రేలికి తెలియును.

జపానువారి రాదెన్ విద్యయు లక్కలో వెలుగును పొదుగునదే. కాని వారి లక్క పురుగుది కాదు, ఉరుషి అను చెట్టు గాయమునుండి కారు పాలు. ఒక చెట్టు దాదాపు 200 గ్రాములకు మించి ఈయదు. అది ఎండలో గాక చెమ్మగాలిలో గట్టిపడుట వింత. ఆల్చిప్పల మెఱుగుపొరను కాగితమంత పలుచగ అరగదీసి, ఆకృతులుగ కత్తిరించి అతికి, దానిపై పొరపిదప పొరగ లక్కపూసి పూర్తిగ కప్పివేసి, బొగ్గుతో మెల్లమెల్లగ రుద్దగా, పూడిన చిప్ప మరల పైకివచ్చి మెఱయును. మనది క్షణములో ముగియు పని, వారిది నెలల తరబడి సాగు పని. ఓర్పు వారిదే అధికమని నేననను.

నారా నగరపు కితామురా షోసాయిని ఈ విద్యకై 1999లో జపాను ప్రభుత్వము సజీవ జాతీయ నిధిగ గౌరవించినది. మన లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. అది ఊరి పేరును కాచును. ఆ వ్రేళ్లుగల మనిషికి పేరెవరు పెట్టుదురు? ఆనాడు అంతసేపు నిలిచియు నేనైనను అతని పేరడుగనైతిని. ఆ బాధ నన్ను వదలలేదు.

మేడారము జాతరలో మా అమ్మ కొనిన లక్కగాజొకటి నా బల్లపై నున్నది. అందొక అద్దము ఏనాడో రాలిపోయినది. ఆ గుంటను దీపమునకు చూపినచో, అద్దపు నాలుగంచులును, ప్రక్కనే ఒత్తిన వ్రేలిగుర్తును నేటికిని స్పష్టముగ కానవచ్చుచున్నవి.