ఎంటర్‌ప్రైజ్ నౌకకు అరణ్యపర్వశేషం

‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ సీరియల్ 1980లలో ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్‌లో వచ్చేది. బరంపురంలో మా ఎదురింటివారి బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాప మీద కూర్చుని, ఇంగ్లీషు సగం అర్థమై సగం కాక చూసేవాళ్ళం. కెప్టెన్ కిర్క్ చొక్కా రంగేమిటో మాకు తెలియదు. అది బంగారు వన్నెదని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ళ తరవాత. చిత్రమేమిటంటే, ఆ రంగు నేను మొదట చూసింది అసలు సీరియల్లో కాదు, అభిమానులు తీసిన భాగాల్లో. మా మేనల్లుడు కంప్యూటర్లో పెట్టి, ‘మావయ్యా, ఇది నువ్వు చూసింది కాదు, దాని తరవాయి’ అన్నాడు. నకలు చూసి నవ్వుకుందామని కూర్చున్నాను. నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అసలు సంగతి క్లుప్తంగా చెబుతాను. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ సీరియల్‌ను ఎన్.బి.సి. 1966 సెప్టెంబరు 8న ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక అయిదేళ్ళపాటు నక్షత్రాల మధ్య తిరిగి కొత్త లోకాలు చూసి రావాలన్నది కథ. రెండో ఏడాదితోనే ఆపేస్తారని వినబడితే అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, మూడో ఏడు దక్కింది. అంతే. 79 భాగాలతో, 1969 జూన్ 3న యాత్ర మధ్యలోనే ఆగిపోయింది. మా బ్యాంకు భాషలో, వసూలు కాని ఖాతా అని కొట్టేశారు. తరవాత పునఃప్రసారాల్లో ఆ ఖాతాయే వడ్డీతో సహా తిరిగి వచ్చింది. 1973-74లో బొమ్మల సీరియల్, 1979లో సినిమా వచ్చాయి. సినిమా మొదలయ్యేసరికి కిర్క్ అడ్మిరల్ అయిపోయాడు, నౌక అతని చేతిలో లేదు. ప్రాణంగా చూసుకున్న నౌకను ఎందుకు దిగాడు? తెర మీద ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

ఆ ఖాళీ పూరించడానికి ముఖ్యంగా రెండు బృందాలు పూనుకున్నాయి. ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టి పాటలు పాడి సంపాదించుకునే జేమ్స్ కాలీ, న్యూయార్క్ రాష్ట్రంలోని టికొండెరోగాలో పాత సెట్లను మళ్ళీ కట్టించి, 2004 నుంచి ‘న్యూ వాయేజెస్’ పేరుతో భాగాలు విడుదల చేశాడు. రెండోవాడు విక్ మిన్యోనా, కార్టూన్లకు గొంతు అరువిచ్చే నటుడు. జార్జియా రాష్ట్రంలోని కింగ్స్‌లాండ్‌లో తీసిన అతని ‘స్టార్ ట్రెక్ కంటిన్యూస్’ 2013 నుంచి 2017 దాకా 11 భాగాలు వచ్చింది. అభిమానులు చందాలు వేసుకున్నారు. చూసేవాళ్ళు పైసా కట్టనక్కరలేదు. అసలు సీరియల్లో ఇంజనీరు స్కాటీ వేషం వేసిన జేమ్స్ డూహన్ కొడుకు క్రిస్, ఇందులో తండ్రి వేషమే వేశాడు.

ఇది చూస్తూంటే నాకు ఎర్రన గుర్తొచ్చాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. తిక్కన ఆ మిగిలినదాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. నడుమ ఖాళీని పూరించిన ఎర్రన, దాన్ని ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే, నన్నయ రాసినట్టుగానే అంకితమిచ్చాడు. నన్నయ ధోరణిలో మొదలై మెల్లగా తిక్కన ధోరణికి చేరడం అతని పూరణలోని అందమని పెద్దలు చెబుతారు. ఈ 11 భాగాల నడకా సరిగ్గా అలాంటిదే. మొదట 1969 నాటి దీపాలు, సంగీతం, అట్ట రాళ్ళు. పోనుపోను గొంతు మారి, 1979 సినిమాలోని బరువు దిగుతుంది. నౌకలో మనసు సంగతులు చూసే మెకెన్నా అనే వైద్యురాలిని కొత్తగా చేర్చడం కూడా తరవాతి సీరియళ్ళ వైపు వేసిన అడుగే.

అయితే పూరణ అంటే అనుకరణ ఒక్కటే కాదు. ఇక్కడే నాకు ఈ పనిలోని అసలు విలువ కనిపించింది. పాత సీరియల్లో ప్రతి వారం కొత్త లెడ్జరు. ఈ వారం కిర్క్ ప్రేమించిన మనిషి చనిపోతుంది, వచ్చే వారానికి అతనికి ఆ ఊసే ఉండదు. నిల్వ ముందుకు తేవడమనేది లేదు. ‘ది వైట్ ఐరిస్’ (2015) అనే భాగంలో ఆ పాత బాకీలన్నీ ఒక్కసారిగా ఎదురొస్తాయి. తలకు దెబ్బ తగిలిన కిర్క్‌కు తాను పోగొట్టుకున్న స్త్రీలు నౌక గదుల్లోనే కనబడుతూంటారు. ఏ ఒక్క భాగాన్నీ అబద్ధం చేయకుండా, అన్నిటినీ కలిపి ఒక మనిషి జీవితంగా చదివారు. ఇది విమర్శకుడు చేయవలసిన పని. వీళ్ళు వేషాలు కట్టి చేశారు.

‘లొలానీ’ (2014) ఇంకా పదునైనది. పాత సీరియల్లో ఆకుపచ్చ ఒంటి ఓరియన్ బానిస పిల్ల కంటికింపైన నాట్యం కోసం వచ్చి పోయే బొమ్మ. ఇక్కడ ఆ పిల్లకు పేరుంది, నోరుంది. చట్టం ప్రకారం ఆమెను యజమానికి అప్పగించాలి. కిర్క్ సతమతమవుతాడు. అధికారిగా నాకు ఆ ఇరకాటం తెలుసు: సర్క్యులర్ ఒకటి చెబుతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం మరొకటి చెబుతుంది. అలాగే 1969 నాటి చివరి భాగంలో, నౌకాధిపతుల లోకంలో ఆడవాళ్ళకు చోటు లేదన్న మాట ఒకటి వస్తుంది. ‘ఎంబ్రేసింగ్ ద విండ్స్’ (2016) ఆ మాటనే పట్టుకుని విచారణ జరిపించింది. ఇష్టదైవాన్ని నిలదీసే హక్కు భక్తుడికి ఉంటుందని మన రామదాసును ఎరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

కాలీ బృందం తీసినవాటిలో ‘వరల్డ్ ఎనఫ్ అండ్ టైమ్’ (2007) మరచిపోలేనిది. నాలుగు దశాబ్దాల కిందట సులుగా వేసిన జార్జ్ టకేయ్ ఇందులో మళ్ళీ సులుగా వచ్చాడు. ముసలితనాన్ని రంగుతో కప్పలేదు, దాన్నే కథ చేశారు. నౌకలో వాళ్ళకు క్షణాలు గడిచే లోపల సులుకు మరో లోకంలో ఏళ్ళు గడిచిపోయాయి. కూతురితో తిరిగొస్తాడు. నౌక నిలవాలంటే ఆ ఏళ్ళను వదులుకోవాలి. ఇది హ్యూగో అవార్డుకు పోటీలో నిలిచింది. ‘పిల్‌గ్రిమ్ ఆఫ్ ఎటర్నిటీ’ (2013)లోనూ, 1967లో అపోలో దేవుడుగా వేసిన మైకేల్ ఫారెస్ట్ ముదిమి మీద పడ్డ అదే దేవుడుగా తిరిగి వస్తాడు. కోట్లు పోసినా ఆ ముడతలు కొనలేరు.

లోపాలు లేవని అనను. మిన్యోనా కొన్నిచోట్ల విలియం షాట్నర్ విరుపులనూ మధ్యమధ్య ఆగి మాట్లాడడాన్నీ యథాతథంగా దించేస్తాడు. అప్పుడు మనకు కిర్క్ కనబడడు, కిర్క్ వేషం కనబడుతుంది. కాలీ తొలి భాగాల్లో నటన మన ఊళ్ళలో వార్షికోత్సవ నాటకాన్ని దాటదు. పాత భాగాలు చూడనివాడికి సగం సంగతులు అందవు.

ఇక హక్కుల సంగతి. ‘ఆక్సనార్’ అనే మరో అభిమాన చిత్రం పది లక్షల డాలర్లకు మించి చందాలు పోగుచేసేసరికి, హక్కుదారులైన సి.బి.ఎస్., పారమౌంట్ సంస్థలు 2015 డిసెంబరులో కోర్టుకెక్కాయి. 2017 జనవరిలో రాజీ కుదిరింది. ఈ లోపల 2016 జూన్‌లో నిబంధనలు వచ్చాయి: కథ పదిహేను నిమిషాలు మించకూడదు, రెండు భాగాలైతే మొత్తం అరగంట, చందాలు 50,000 డాలర్లు దాటకూడదు, అధికారిక సీరియళ్ళలో పనిచేసినవాళ్ళెవరూ ఉండకూడదు, వరస భాగాలు తీయకూడదు.

తాకట్టు కాగితాల మధ్య బతికినవాణ్ణి కనుక హక్కుదారు పక్షం నాకు అర్థమవుతుంది. ఇంకొకరి ఆస్తి మీద చందాలు వసూలు చేస్తే హద్దు పెట్టవలసిందే. కాని డబ్బుకు హద్దు పెట్టడం వేరు, కథకు గడియారం కట్టడం వేరు. పదిహేను నిమిషాల్లో ‘లొలానీ’ రాదు. పాత నటులు ఉండకూడదంటే టకేయ్ సులు రాడు. ఈ నిబంధనలు నకళ్ళను బతకనిచ్చి పూరణలను చంపాయి. పై పై వేషాలకు పదిహేను నిమిషాలు చాలు. మూలంతో మాట్లాడాలంటే చాలదు.

2017 నవంబరులో ‘కంటిన్యూస్’ చివరి భాగం వచ్చింది. తనవాళ్ళను ఎందరినో పోగొట్టుకున్న కిర్క్ పదోన్నతికి ఒప్పుకుని నౌక దిగుతాడు. పదోన్నతి తీసుకుని కౌంటరు వదిలి లోపలి గదికి వెళ్ళినవాళ్ళకు ఆ ముఖం తెలుస్తుంది. అక్కడి నుంచి 1979 సినిమా మొదలుపెట్టుకోవచ్చు, అతుకు కనబడదు. తెగిన తీగ తమది కాకపోయినా పాట తమదే అనుకున్నవాళ్ళు చేసిన పని ఇది. ఇంటికి దూరంగా ఉండి భాషను పట్టుకు వేలాడుతున్న మనకు ఆ వరస కొత్త కాదు.

చూడదలచుకున్నవాళ్ళు ‘లొలానీ’తో మొదలుపెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. చొక్కాల రంగులు వాళ్ళే చెబుతారు.