సున్నా బైట్ల పేచీ

సి భాషలో ప్రోగ్రాము తనకు కావలసిన మెమరీని మలాక్‌తో అడిగి తీసుకుంటుంది. రియలాక్‌తో దాని పరిమాణం మార్చుకుంటుంది. పని తీరాక ఫ్రీతో తిరిగి ఇచ్చేస్తుంది. మెమరీ దొరకకపోతే మొదటి రెండూ నల్ అనే శూన్యసూచిని ఇస్తాయి. ఇంతవరకు ఏ లైబ్రరీలోనూ పేచీ లేదు. పేచీ అంతా రియలాక్‌ను సున్నా బైట్లు అడిగినప్పుడే.

లినక్స్‌లో విస్తారంగా వాడే జీలిబ్‌సీ అప్పుడు పాత మెమరీని విడుదల చేసి నల్ ఇస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ లైబ్రరీ మాత్రం సున్నా పరిమాణం గల, ముట్టుకోవడానికి వీల్లేని ఒక వస్తువును కేటాయించి దాని చిరునామా ఇస్తుంది. మొదటి పద్ధతిలో నల్‌కు రెండర్థాలు వచ్చాయి: మెమరీ దొరకలేదు గాని పాతది భద్రంగా ఉందని ఒకటి, పాతది పోయిందని మరొకటి. రక్తపరీక్ష నివేదికలో ఖాళీగా వదిలిన గడి ఇలాంటిదే: పదార్థం లేదనా, నమూనా చాలలేదనా? వైద్యుడు మళ్ళీ పరీక్ష చేయించగలడు. ప్రోగ్రాముకు ఆ అవకాశం లేదు. నల్ రాగానే పాత మెమరీని తానే ఫ్రీ చేసే జాగ్రత్తపరుడి ప్రోగ్రాము ఓపెన్‌బీఎస్‌డీలో నిర్దోషం; జీలిబ్‌సీలో అదే మెమరీని రెండుసార్లు విడుదల చేస్తుంది. సున్నా రియలాక్‌నే ఫ్రీగా వాడుకునేవాడి కథ దీనికి తలకిందులు.

ఇది పండితుల తగవు కాదు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ వాడిన జిఫ్ లైబ్రరీ, ఫ్రేము వెడల్పో ఎత్తో సున్నా అయితే, సున్నా పరిమాణానికి మెమరీ మార్చమని అడిగేది. ఆండ్రాయిడ్‌లో అలా అడగడం విడుదల చేయడమే. అలాంటి ఫ్రేములు రెండు వస్తే విడుదలా రెండుసార్లు. ప్రత్యేకంగా అల్లిన ఒక్క బొమ్మతో ఫోనులో పరాయి కోడు నడపవచ్చని 2019లో బయటపడింది.

సున్నా అడిగితే విడుదలేనని 1989 ప్రమాణం స్పష్టంగానే చెప్పింది. 1999లో ఆ వాక్యం తొలగింది. సి17 నిర్ణయాన్ని లైబ్రరీలకే వదిలింది. సి23 దాన్ని అనిర్వచిత ప్రవర్తన అన్నది. అంటే నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రాములో ఇక ఏమి జరిగినా కంపైలరుకు దోషం అంటదు. ఏ పక్షం ఎంచుకున్నా రెండో పక్షం ప్రోగ్రాములు చెడతాయన్న కమిటీ ఇబ్బంది నిజమైనదే. కాని ఎంచుకోకపోవడం వల్ల రెండు పక్షాలూ చెడ్డాయి. నల్‌కు వైఫల్యం ఒక్కటే అర్థంగా మిగిల్చే ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతే మేలు. మలాక్‌ను సున్నా అడిగితే జీలిబ్‌సీ కూడా నల్ ఇవ్వదు. రియలాక్ దగ్గరే దాని మాట మారుతుంది.

సున్నా వస్తే ఒకటిగా మార్చి అడిగే చిన్న తొడుగు ఫంక్షనును ఎవరికివారు ఇప్పటికీ రాసుకుంటూనే ఉన్నారు.