సొంతమాటలు ఎవరివి?

1910ల్లో గిడుగు, గురజాడలు సాగించిన వాదం ముఖ్యంగా విద్యార్థి రాతను గురించినది: పరీక్షలో పిల్లవాడు ఏ తెలుగులో వ్యాసం రాయాలి? నేటి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాచకాల్లో వచనం చాలావరకు వాడుకభాషే. పాఠం చివర "సొంతమాటల్లో రాయండి" అన్న ప్రశ్న కూడా ఉంటుంది. కాని జవాబు గైడులో ఉంటుంది! నేను చూసిన నోటుపుస్తకాల్లో చేతిరాతలు వేరు, వాక్యం ఒక్కటే. "మాయమ్మ కూలికి బోయింది" అని రాసిన బిడ్డకు ఎర్రసిరా, గైడు వాక్యానికి మార్కులు.

సంధులూ సమాసాలూ వద్దని నేననను. కాని సవర్ణదీర్ఘసంధి విడదీయగలిగీ తన వాడ సంగతి నాలుగు వాక్యాల్లో రాయలేని చదువు ఎవరికోసం? శ్రమజీవి బిడ్డ నోట భాష ఉంది. దానికి తరగతిలో చోటు లేదు. ఉపాధ్యాయ మిత్రులారా, ముందు సొంత వాక్యానికి మార్కు వేయండి, దిద్దుబాటు తరవాత.