నకలు చేసినచో తరుగునది ఏమి?

నెల్లూరు తీరమున మైపాడు, కృష్ణపట్నము వంటి చోట్ల నుండి వేటకు పోవు మత్స్యకారులకు, చేపలు ఎచ్చట గుంపుగూడునో తెలుపు సూచనలు ఉచితముగా లభించుచున్నవి. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము వీనిని తయారు చేయును. సముద్రపు పైనీటి ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితమును ఉపగ్రహములు కొలుచును. చల్లని నీరు, వెచ్చని నీరు కలియు చోట ప్లవకములు పెరుగును; వానికై చేపలు చేరును. 2022 నవంబరు 26న ఇదే తీరమునందలి శ్రీహరికోట నుండి పైకెగసిన ఓషన్‌శాట్-3 ఇట్టి కొలతలకు ఉద్దేశింపబడినది. ఒక పడవవాడు సూచనను తెలిసికొన్నచో చేపలు తరుగవచ్చును గాని, సూచన తరుగదు.

సమాచారమునకు గల ఈ గుణమును చూపియే, కంప్యూటరు ప్రోగ్రాములను వెల చెల్లింపక నకలు చేయువారు తమ పనిని సమర్థించుకొందురు. ఒక దీపముతో వేయి దీపములు వెలిగించినను మొదటి దీపమునకు లోటు లేదు గదా యని వారి వాదము. ఇది సగము మాత్రమే నిజము. ప్రోగ్రాము యొక్క మొదటి ప్రతిని తయారు చేయుటకు అనేకుల శ్రమ, సంవత్సరముల కాలము పట్టును. తరువాతి ప్రతులకు దాదాపు ఖర్చే లేదు. కాబట్టి మొదటి ఖర్చును కొనువారందరు పంచుకొనవలసి యుండును. ఊరి చెరువు పూడిక తీయుటకు ఇంటింటికి చందా వేసినప్పుడు, ఇయ్యనివాడు చెరువును ఎత్తుకొని పోడు. తన భారమును ఇరుగుపొరుగులపై వేయును. నకలు చేయువాని తప్పు ఇట్టిదే.

అట్లని ఎదుటి పక్షపు వాదమంతయు సరియైనదని కాదు. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కంప్యూటరు అభిరుచిపరులకు బహిరంగ లేఖ వ్రాసి, వారిలో అనేకులు ప్రోగ్రాములను దొంగిలించుచున్నారని నిందించెను. నకలును సైకిలు దొంగతనముతో సమానముగా చెప్పుట అప్పటినుండియు కలదు. సైకిలు పోయినవానికి సైకిలు ఉండదు; ప్రోగ్రాము చేసినవానికి ప్రోగ్రాము మిగిలియే యుండును. ప్రతి నకలును ఒక అమ్మకపు నష్టముగా లెక్కించుటయు సరి కాదు. నకలు దొరకనిచో కొననివారే వీరిలో అనేకులు.

మన దేశపు చట్టము ఈ భేదమును గుర్తించినది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రకారము, అక్రమ ప్రతియని తెలిసియు కంప్యూటరుపై వాడినవానికి 7 దినములు మొదలు 3 సంవత్సరముల వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. వ్యాపార లాభమునకై వాడలేదని తేలినచో, న్యాయస్థానము ఖైదు విధింపక 50 వేలకు మించని జుల్మానాతో విడువవచ్చును. న్యాయముగా ప్రతిని పొందినవాడు భద్రత కొరకు ఇంకొక ప్రతిని తీసికొనవచ్చును. అనగా నకలు చేయుట యెల్ల తప్పు కాదు.

ఇక మిగిలినది బీదతనపు వాదము. అన్నిటిలో బలమైనది ఇదియే. వేల రూపాయల ప్రోగ్రామును పల్లెటూరి ఉన్నత పాఠశాల ఎట్లు కొనగలదు? విదేశపు ఆదాయములనుబట్టి నిర్ణయించిన వెల ఇచ్చటివారికి న్యాయమైనదియేనా? ప్రశ్న సమంజసమే. కాని జవాబు నకలు ఒక్కటే కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా ప్రోగ్రాముల ప్రయత్నమును ప్రకటించెను. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. మన దేశమున సీడాక్ సంస్థ 'బాస్' అను వ్యవస్థను తయారు చేసినది. పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతో సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగు అక్షర రూపములను ఎవరైనను వెల లేక వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును; అక్షర రూపమును మాత్రము ఒంటిగా అమ్మరాదను నియమము కలదు. ఇచ్చినవాడు ఇష్టముతో, తన షరతులు చెప్పి ఇచ్చినది ఇది. అక్రమ నకలు ఇట్టి దానములకే ముందుగా చెరుపు చేయును. ఖరీదైన ప్రోగ్రాము ఊరక దొరకుచుండగా ఉచితమైనదానిని నేర్చువారెవరు? విద్యార్థి ఖరీదైనదానికే అలవాటు పడి, రేపు ఉద్యోగమున దానినే కోరును. చివరకు లాభము ఎవరి నిందించి నకలు తీసిరో ఆ వ్యాపారికే.

కార్యాలయపు ఇంటర్నెట్టును స్వంత పనులకు వాడుకొనుట పై ప్రశ్నకు తోబుట్టువు. ఇచ్చట దీపపు పోలిక చెల్లదు. ఇంటర్నెట్టు లైను పంట కాలువ వంటిది. ఎగువవాడు తూము నిండ తీసికొన్నచో చివరి భూములకు నీరందదు. సెకనుకు 20 మెగాబిట్లు పారు లైనుపై, ఒక్కొక్కటి 5 మెగాబిట్లు తీసికొను సినిమాలను నలుగురు చూచినచో ఐదవవానికి జీతాల బిల్లు పంపుట కష్టమగును. బిడ్డ పరీక్షా ఫలితమును రెండు నిమిషములలో చూచుకొనుటను ఏ అధికారియు కాదనడు. పైగా అది అందరి యెదుట చేయు పని. గంటల కొలది తెర మరుగున సాగునది వేరు. అందు లైనుతోపాటు జీతమిచ్చి కొన్న కాలము, నమ్మకము కూడ తరుగును.

కావున 'తరుగునా, తరుగదా' అను ఒక్క ప్రశ్నతో తీర్పు చెప్పరాదు. ఇచ్చువాని సమ్మతి కలదా, భారము ఎవరిపై పడును, పదిమంది యెదుట చెప్పుకొనగలమా అను మూడింటిని కూడ విచారింపవలెను. పాఠశాలలో ప్రోగ్రామును ఎక్కించునప్పుడు విద్యార్థులు చూచుచుందురు; పాఠము అప్పుడే మొదలగును. కంప్యూటరు గదిలోని ప్రోగ్రాముల పట్టికను విద్యార్థులచేతనే వ్రాయించి, ఒక్కొక్కదాని యెదుట అది ఏ షరతుపై వచ్చినదో చేర్పించినచో, ఏది కొన్నదో, ఏది దానముగా వచ్చినదో, దేనిని తీసివేయవలెనో వారికే తెలియును.