పీజీ_వెర్షన్ ఉందా, లేదా?

డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ నడిపేవాళ్లు వాల్యూమ్ ఒకటి తగిలించి, ఇక డేటాకు ఢోకా లేదనుకుంటారు. ఫైళ్లను దాచేది వాల్యూమే, కాదనను. ఆ ఫైళ్ల జోలికి ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు వెళ్లకూడదో తెలిసింది మాత్రం అధికారిక ఇమేజ్‌లోని ఎంట్రీపాయింట్ స్క్రిప్టుకే. కొన్ని వందల లైన్ల బాష్, అంతే.

కంటెయినర్ లేచిన ప్రతిసారీ అది తేల్చుకోవాల్సింది ఒకటే: ఇది ఖాళీ ఇల్లా, కాపురమున్న ఇల్లా? డేటా ఫోల్డర్‌లో పీజీ_వెర్షన్ అనే బుల్లి ఫైలుందేమో చూస్తుంది. అందులో 17 లాంటి ఒక అంకె తప్ప ఏమీ ఉండదు. అది కనబడిందా, కొత్త డేటాబేస్‌ను కట్టే ఇనిట్‌డీబీ ఊసే ఎత్తదు. ఎన్విరాన్‌మెంట్‌లో పాస్‌వర్డ్ మార్చి ఇచ్చినా పాతదే చెల్లుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తిట్టుకుంటారు. నాకు నచ్చేది ఆ మొండితనమే.

ఫోల్డర్ ఖాళీగా ఉంటే డేటాబేస్‌ను సిద్ధం చేసి, తాత్కాలికంగా ఒక సర్వర్‌ను లేపుతుంది. దానికి నెట్‌వర్క్ పోర్టు ఉండదు, యూనిక్స్ సాకెట్ ఒక్కటే. మన ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులన్నీ అక్కడే నడిపి, దాన్ని ఆపేశాకే అసలు సర్వర్‌ను మొదలుపెడుతుంది. సగం కట్టిన డేటాబేస్ బయటి అప్లికేషన్ కంట పడదన్నమాట. (హెల్త్‌చెక్‌లో పీజీ_ఈజ్‌రెడీకి హోస్ట్ పేరు ఇవ్వకపోతే అది సాకెట్ దారినే వెళ్లి, ముందే ‘రెడీ’ అనేస్తుంది. ఆ తప్పు స్క్రిప్టుది కాదు.)

అన్నిటికన్నా ముచ్చటైన పని చివర్లో ఉంది. ఎగ్జెక్‌తో స్క్రిప్టు తన చోటు పోస్ట్‌గ్రెస్‌కే ఇచ్చి తప్పుకుంటుంది. ఒకటో నంబరు ప్రాసెస్ పోస్ట్‌గ్రెసే కాబట్టి, ఆగమన్న సిగ్నల్ నేరుగా దానికే చేరుతుంది. డాకర్ మామూలుగా పంపేది సిగ్‌టర్మ్. పోస్ట్‌గ్రెస్ లెక్కలో దానర్థం కొత్త కనెక్షన్లు తీసుకోకుండా, ఉన్నవాళ్లు వెళ్లేదాకా ఆగడం. కనెక్షన్ పూల్ పట్టుకుని కూర్చున్న అప్లికేషన్ ఎప్పటికి వెళ్తుంది? 10 సెకన్లు కాగానే డాకర్ సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. మళ్లీ లేచినప్పుడు ముందుగా రాసుకున్న లాగ్ (వాల్) తిరగేసి కోలుకోవాలి. అందుకే డాకర్‌ఫైల్‌లో ఆపే సిగ్నల్‌ను సిగ్‌ఇంట్‌గా మార్చారు. దాంతో పోస్ట్‌గ్రెస్ నడుస్తున్న లావాదేవీలను రద్దుచేసి, అందర్నీ పంపించి, చెక్‌పాయింట్ రాసుకుని ఆగుతుంది. మార్చింది ఒక్క లైను, దాని చుట్టూ రాసిన వివరణ మాత్రం బారెడు. ఆ 10 సెకన్లే కాదు, చాలాచోట్ల 90 కూడా చాలకపోవచ్చని అందులోనే హెచ్చరించారు.