మూడు వేళ్లు, ఎడమచేయి

కుడిచేయి మోచేతి దగ్గర మడిచి భుజం ఎత్తుకు తెస్తారు. అరచేయి ఎదుటివాళ్ల వైపు ఉంటుంది. చిటికెనవేలు వంగుతుంది, బొటనవేలు వచ్చి దాన్ని అదిమిపడుతుంది, నడుమ మూడు వేళ్లూ ఒకదాన్నొకటి ఆనుకుని నిటారుగా నిలుస్తాయి. స్కౌటు గుర్తు ఇంతే. మిట్టమధ్యాహ్నం డ్రిల్లు పీరియడులో చూస్తే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. డిసెంబరు పొద్దున, బందరు కాలవ పక్కన ఏదో ఒక బడి ఆవరణలో, వారాంతపు క్యాంపు ఆఖరి రోజున, దీక్ష తీసుకుంటున్న పదకొండేళ్ల కుర్రాడి చేతిలో చూడాలి దాన్ని. కూచిపూడికి ఇంత దగ్గర్లో ఉండి ఇది కూడా హస్తాభినయమేనని మనకెందుకు తోచలేదా అని నాకు వింత.

నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయదర్పణంలో త్రిశూల హస్తం ఉంది. బొటనవేలినీ చిటికెనవేలినీ వంచి మిగతా మూడూ చాపడం. మారేడు దళాన్నీ, మూడు కూడిన భావాన్నీ చూపడానికి వాడతారు. స్కౌటు మూడు వేళ్లూ మూడు మాటలకు గుర్తు: దేవుడి పట్లా దేశం పట్లా విధి, ఇతరులకు సాయం, స్కౌటు నియమానికి కట్టుబాటు. స్కౌటు ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ నందికేశ్వరుణ్ణి చదివాడని నేననను. తేడా కూడా ఉంది. నర్తకి వేళ్లు విచ్చుకుంటాయి, స్కౌటు వేళ్లు అతుక్కుంటాయి. నర్తకి చేయి మారేడును చూపించి మరో భావానికి సాగిపోతుంది. ఈ పిల్లవాడి చేయి చూపిన చోటే ఆగుతుంది, ప్రతిజ్ఞ పూర్తయ్యేదాకా కదలదు. చూసేవాళ్లకు ఊపిరి బిగబట్టినట్టయ్యేది ఆ ఆగడం వల్లే.

ఈ ముచ్చట కృష్ణాజిల్లాలో కాకపోతే నాకు తట్టేది కాదేమో. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది పెనుగంచిప్రోలులో పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. హార్వర్డు వాళ్లు 1917లో అచ్చువేశారు. రామదండు అనే వాలంటీర్ల దళాన్ని కట్టిందీ ఆయనే. పుస్తకం వచ్చిన నాలుగేళ్లకు, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో గాంధీగారు బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలకు వచ్చినప్పుడు, విరగబడ్డ జనం మధ్య సేవకు నిలిచింది ఆ దండు. వేళ్ల వంపుల మీద పుస్తకం తెచ్చిన మనిషే వాలంటీర్ల వరస కూడా దిద్దాడు. రెంటికీ కావలసిన కన్ను ఒకటే అని నా నమ్మకం.

క్యాంపు సంగతి కొంచెం. శుక్రవారం సాయంత్రం ట్రంకుపెట్టెలతో, బకెట్లతో దిగుతారు. మర్నాడు పొద్దున్నే బేడెన్ పావెల్ పేరు మీది బీపీ సిక్స్ వ్యాయామాలు, తనిఖీ, జెండా, తాళ్లూ ముడులూ. వెదురు బొంగుల మీద స్క్వేర్ లాషింగ్ వేస్తున్న పిల్లల దగ్గర కాసేపు కూర్చోవాలి. నిలువు బొంగుకు క్లోవ్ హిచ్ వేసి మొదలుపెట్టి, అడ్డబొంగు మీదుగా కిందుగా మూడు చుట్లు తిప్పి, రెండు బొంగుల సందులోంచి తాడును బిగలాగి, మళ్లీ క్లోవ్ హిచ్‌తో ముగిస్తారు. బిగలాగేటప్పుడు పిల్లవాడి కింది పెదవి పళ్ల మధ్యకు పోతుంది. లంకల్లో పడవ కట్టేవాళ్ల చేతులకు ఈ ముడి పేరు తెలియకపోవచ్చు, ముడి తెలుసు. అలా తయారైన చెప్పుల స్టాండు ఆదివారం సాయంత్రానికి విప్పేస్తారు. విప్పేటప్పుడు తాడు ఎక్కడా చిక్కుపడకపోతేనే కట్టినవాడు ఘటికుడు. రాత్రి క్యాంప్ ఫైర్ గురించి ఎక్కువ చెప్పను. తాటాకులు భగ్గున అంటుకునే తొలి క్షణం గొప్పది. ఆ తర్వాత స్పీకర్లో సినిమా పాట పెడితే నేను లేచిపోతాను.

ఆదివారం ఇంకా మంచు విడవకముందే ట్రూపు గుర్రపునాడా ఆకారంలో నిలబడుతుంది. తెరిచి ఉన్న వైపు స్కౌట్ మాస్టరు. కాలవ అవతల కోతలైన వరిచేలలో మినుము మొలకలు అప్పుడే పచ్చబడుతున్నాయి, కొబ్బరి మట్టల నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. జట్టు నాయకుడు, అంటే పెట్రోల్ లీడరు, కొత్త కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చి అప్పగిస్తాడు. అప్పగించేవాడికి పదిహేనేళ్లుంటాయేమో, పెళ్లిలో కన్యాదాత ముఖంలో ఉండే గాంభీర్యమంతా వాడి ముఖంలో ఉంటుంది. గౌరవమంటే ఏమిటో తెలుసా అని మాస్టరు అడుగుతారు. నన్ను నమ్మవచ్చునని, నిజాయితీగా ఉంటానని కుర్రాడు చెబుతాడు. జెండా వాలుస్తారు, నీలం గుడ్డ మీద పసుపు చిహ్నం. దాని మీద ఎడమచేయి ఆనించి, కుడిచేత్తో మూడు వేళ్లు పైకెత్తుతాడు. ఆ క్షణంలో నాడా చుట్టూ ఉన్న పిల్లలందరి చేతులూ లేస్తాయి. ఎవరూ ఆర్డరు అరవరు. ఇక్కడ ప్రేక్షకులు లేరు. చూస్తున్నవాళ్లంతా ఆ మాట ఒకప్పుడు తామూ ఇచ్చినవాళ్లే, మళ్లీ ఇస్తున్నవాళ్లే.

ప్రతిజ్ఞ అందరికీ ఒకటే, కొన్ని నెలలుగా వల్లించిందే. తర్ఫీదు ఇవ్వగలిగింది అంతవరకే. ఇస్త్రీ చొక్కా, ముదురు నీలం నిక్కరు ఆహార్యం, చేయి ఆంగికం, ప్రతిజ్ఞ వాచికం. నాలుగోది సాత్వికం, అది ఎవరూ నేర్పలేదు. గౌరవం అన్న మాట దగ్గర కుర్రాడి గొంతు చీలింది. ఆలంకారికులు స్వరభేదం అన్నది దీన్నే. మూడు వేళ్ల కొసలు సన్నగా వణికాయి, వేపథువు. యుద్ధం లేకుండా, శత్రువు లేకుండా, పదకొండేళ్ల ఒంట్లో వీరరసం పుట్టడం ఎవరైనా చూడాలనుకుంటే ఇదిగో ఇక్కడ. ధర్మవీరం అనే విభాగం శాస్త్రంలో ఉందని చదువుకున్నాం. ఉదాహరణ ఇంత చిన్న నిక్కరులో దొరుకుతుందని అనుకోలేదు.

ఆ తర్వాత మెడలో స్కార్ఫు, జేబు మీద బ్యాడ్జి. ఆ వెంటనే మాస్టరు తన ఎడమచేయి చాపుతారు. ఎడమచేత్తో ఇస్తే తీసుకోని ఇళ్లలో, ఎడమచేత్తో పుచ్చుకుంటే మొట్టికాయ పడే ఇళ్లలో పెరిగిన పిల్లవాడు. నేర్పే ఉంటారు, అయినా ఒక అరక్షణం తటపటాయించాడు. ఆఫ్రికాలో అశాంతి యోధులు డాలు పట్టే ఎడమచేతిని, అంటే రక్షణ వదిలేసిన చేతిని, నమ్మినవాడికే అందిస్తారని స్కౌట్లు చెప్పుకునే కథ. కథ నిజమో కాదో గాని, మన డెల్టాలో దీనికున్న బలం ఆ కథ ఇచ్చింది కాదు. ఇంట్లో వద్దన్న చేయి ఇక్కడ మన్ననకు పనికొచ్చింది. ఆ ఉలికిపాటే ఈ ఘట్టానికి ప్రాణం.

ఇలాంటి తంతు చెడే దారులూ ఉన్నాయి. అమెరికాలో ఆర్డర్ ఆఫ్ ది ఆరో అని స్కౌట్ల గౌరవ సంఘం ఉంది. 1915లో డెలవేర్ నదిలో ట్రెజర్ ఐలాండ్ అనే లంక మీది క్యాంపులో గుడ్‌మన్, ఎడ్సన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. తోటి స్కౌట్లే ఓటేసి ఎన్నుకుంటారు. ఎన్నికైనవాడు రాత్రి ఒంటరిగా ఆరుబయట పడుకుని, మర్నాడు మాటాపలుకూ లేకుండా అరకడుపుతో పనిచేయాలి. శివరాత్రి జాగారాలు ఎరిగిన మనకు దీని రుచి వేరే చెప్పాలా? కానీ దాని తంతుల్లో ఏళ్ల తరబడి అక్కడి ఆదివాసుల ఈకల తలపాగాలు, వేషాలు వాడారు. అక్కడ నాకు రసభంగం. ఒకరికి పవిత్రమైనది మరొకరికి ఆహార్యమైతే ఎంత శ్రద్ధగా తొడిగినా నాటకంగానే మిగులుతుంది. మన కుర్రాడికి మాత్రం మెడలో మూరెడు గుడ్డ చాలింది.

మన దగ్గర చెడేది వేరే దారిలో. షామియానా, మైకు, ముఖ్య అతిథి. తొమ్మిదికి రావాల్సిన ఆయన పదకొండుకు వస్తారు, పిల్లలు ఎండలో నిలబడి సొమ్మసిల్లుతారు, శాలువాల మధ్య దీక్ష ఐదు నిమిషాల్లో గుంపుగా ముగుస్తుంది. యాభై చేతులు ఒక్కసారి లేస్తే ఫొటో బాగుంటుంది, ఏ ఒక్క గొంతూ చీలినట్టు వినపడదు. రాజ్యపురస్కార్, రాష్ట్రపతి పురస్కారాలకు పెద్ద సభలుండాలి, కాదనను. ఈ మొదటి మెట్టుకు మాత్రం వద్దు. స్కౌట్ మాస్టర్లకు నా మనవి ఒక్కటే: ఈ దీక్షను, అంటే ఇన్వెస్టిచర్‌ను, తెల్లవారగానే పెట్టండి, మైకు లేకుండా, ఒక్కొక్క పిల్లవాణ్ణీ విడిగా పిలిచి చేయండి. అమ్మానాన్నలను రమ్మనండి, నాడా వెనకాల నిలబడతారు. అతిథులు పదకొండుకు వచ్చి టిఫిన్ చేసి వెళ్లవచ్చు.