మూత తెరవకుండా

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు పాకం చుక్కను చన్నీళ్లలో వేసి, ఉండ కట్టిందో లేదో వేళ్లతో నలిపి చూస్తారు. పెనం దించాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. ఇదే జిల్లాలో పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్లలో ఆ వీలు లేదు. అక్కడ రియాక్టర్లలో ఉడికేది టోలుయిన్, మెథనాల్ లాంటి సాల్వెంట్లు. ద్రావణంలోంచి మందును స్ఫటికాలుగా విడదీసేటప్పుడు ఆపరేటర్ మాస్కు పెట్టుకుని, మూత తీసి, శాంపిల్ తోడి ల్యాబుకి పంపుతాడు. రిపోర్టు వచ్చేసరికి లోపల పరిస్థితి మారిపోయి ఉంటుంది. తొందరగా చల్లబడితే స్ఫటికాలు నూకలా పడతాయి, ఫిల్టర్ పూడుకుపోతుంది, మలినాలు మందులోనే చిక్కుకుంటాయి.

ఒక యూనిట్‌లో రామన్ ప్రోబ్ పనిచేస్తుంటే చూశాను. వేలెడంత లావు లోహపు కడ్డీ, కొసన నీలమణి కిటికీ. దాని గుండా లేజర్ కాంతి ద్రావణాన్ని తాకుతుంది. చెదిరి తిరిగొచ్చే కాంతిలో కొంత రంగు మారుతుంది. ఆ మార్పు ఏ అణువుకు ఆ అణువుదే. తెరమీద కరిగి ఉన్న మందు గీత చటుక్కున కిందికి జారింది. స్ఫటికాలు మొదలయ్యాయి! 1928లో ఈ కాంతి రహస్యం పట్టుకున్న సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది మన విశాఖలోనే. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు.

అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే ఇలాంటి తక్షణ పరీక్షలను ప్రోత్సహిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ పరీక్షలను యాజమాన్యాలు నాణ్యత లెక్కలోనే చూస్తాయి. నాకు మాత్రం మూత తెరవక్కర్లేకపోవడమే పెద్ద లాభం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ ఆవిరి లీకై జరిగిన పేలుడులో 17 మంది పోయారు. అది శాంపిల్ తీస్తూ జరిగింది కాదు. అయినా సాల్వెంట్ ఆవిరి బయటికొచ్చే దారి ఒక్కటి మూతపడినా మేలే. లేజర్ పెట్టెను దూరంగా ఉంచి, కాంతిని మాత్రం ఫైబర్ తీగలో రియాక్టర్ దాకా పంపొచ్చు కూడా.

ప్రోబ్‌ను గుడ్డిగా నమ్మకూడదు. కిటికీమీద స్ఫటికాలు పేరుకుంటే, అది ద్రావణాన్ని వదిలేసి ఆ పెచ్చునే చూస్తుంటుంది. ల్యాబు ఫలితాలతో సరిచూసుకుంటూనే ఉండాలి. గీత వంకర తిరిగితే తేడా మందులోనా, కిటికీమీదా అన్నది రియాక్టర్ పక్కన నిలబడ్డవాడే ముందు పసిగట్టగలడు. కాబట్టి ఆ తెర కంట్రోల్ రూములోనే ఉంటే చాలదు. మంట బయటికి రానివ్వని పెట్టెలో బిగించి రియాక్టర్ దగ్గర కూడా పెట్టాలి, కాంట్రాక్టు కార్మికుడికీ గీత చదవడం నేర్పాలి, తెలుగులో.